లండన్‌లో మంచి పాతకాలపు పబ్బును, అసలైన కాస్క్ ఏల్‌ను వెతికి పట్టుకోవడం ఎలా?

చదువుకో, ఉద్యోగానికో, పిల్లల దగ్గరికో లండన్ వెళ్లే తెలుగువారిలో చాలామందికి పబ్బు అనగానే జూబ్లీహిల్స్‌లోని చీకటి హాలు, చెవులు దిమ్మెక్కించే పాటలు, గుమ్మం దగ్గర ప్రవేశ రుసుము గుర్తుకు వస్తాయి. ఇంగ్లండులోని పాతకాలపు పబ్బుకు వీటితో ఏ సంబంధమూ లేదు. అది వీధి మలుపులో ఉండే మామూలు ఇల్లు లాంటి చోటు. ముసలివారూ, ఉద్యోగులూ, ఒంటరిగా పత్రిక చదువుకునేవారూ ఒకే కప్పు కింద కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడుకునే చోటు. అలాంటి పబ్బులు లండన్‌లో ఇప్పటికీ చాలా ఉన్నాయి గానీ, పర్యాటకులు తిరిగే దారుల్లో మొదట కంటబడేవి అన్నీ అవి కావు. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే: పబ్బు అందం వేరు, అందులోని బీరు నాణ్యత వేరు. ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. బీరు విషయంలో అన్నిటికంటే నమ్మదగిన కొలమానం, అది వచ్చే పీపా ఎంత త్వరగా ఖాళీ అవుతోందన్నదే.

మొదట, వెతుకుతున్నదేమిటో తెలుసుకోవాలి

కాస్క్ అంటే పీపా, ఏల్ అంటే ఇంగ్లండులో పాతకాలం నుంచి చేసే ఒక రకం బీరు. కాస్క్ ఏల్‌ను బీరు తయారీదారులు పూర్తిగా సిద్ధం చేసి పంపరు. బతికున్న ఈస్ట్‌తో సహా దాన్ని పీపాలో నింపి పబ్బుకు పంపుతారు. పబ్బు నేలమాళిగలో ఆ పీపాను కదలకుండా పడుకోబెట్టి, పైరంధ్రంలో చిన్న చెక్క మేకు దిగగొడతారు. లోపల రెండోసారి పులిసేటప్పుడు పుట్టే వాయువు ఆ మేకు గుండా మెల్లగా బయటికి పోతుంది, మడ్డి అడుగుకు దిగుతుంది, బీరు తేరుకుంటుంది. ఇదంతా జరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది పబ్బు యజమాని. కాబట్టి ఒకే సంస్థ చేసిన బీరు రెండు పబ్బుల్లో రెండు రకాలుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

పీపా తెరిచాక, బీరు బయటికి వచ్చే కొద్దీ లోపలికి గాలి చేరుతుంది. అక్కడి నుంచి గడియారం మొదలైనట్టే. సుమారు మూడు రోజుల్లో అది అమ్ముడుపోవాలి. తాటికల్లు ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి వేరే రుచికి తిరిగినట్లే ఈ బీరు కూడా మారుతుంది, కాకపోతే గంటల్లో కాక రోజుల్లో మారుతుంది. కెగ్ అనే గాలి చొరని పీపాలో వచ్చే బీరు అలా కాదు. దాన్ని సాధారణంగా వడగట్టి, తరచు వేడిచేసి క్రిములను చంపి, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో, బాగా చల్లబరిచి ఇస్తారు. అది వారాల తరబడి నిలుస్తుంది. కెగ్ బీరును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు; కానీ దాన్ని ఏ ఊళ్లోనైనా తాగవచ్చు. సరిగా చూసుకున్న కాస్క్ ఏల్ మాత్రం ఎక్కువగా ఆ దేశపు పబ్బుల్లోనే దొరుకుతుంది.

ఇంగ్లీషువాళ్లు బీరును వెచ్చగా తాగుతారన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. నేలమాళిగను 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు, గ్లాసులోకి వచ్చే బీరు దాదాపు అంతే చల్లగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన బీరుకు అలవాటుపడినవారికి ఇది మొదట తక్కువ చల్లదనంగా అనిపిస్తుంది, అయితే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి, హాప్స్ (బీరులో వేసే ఒక తీగ పూలు) చేదు నాలుకకు తెలిసేది ఆ వేడిమి దగ్గరే.

బయలుదేరే ముందు చూడవలసినవి

1971లో నలుగురు బీరు ప్రియులు మొదలుపెట్టిన క్యాంపెయిన్ ఫర్ రియల్ ఏల్ అనే వినియోగదారుల సంఘాన్ని అందరూ కామ్రా అంటారు. అప్పట్లో పెద్ద కంపెనీలు కాస్క్‌ను పక్కకు నెట్టి దేశమంతా కెగ్ బీరును నింపుతుంటే, దాన్ని ఆపడానికి పుట్టిన ఉద్యమం అది. ఏటా ఆ సంఘం వెలువరించే గుడ్ బీర్ గైడ్‌లోని పబ్బులను స్థానిక శాఖల సభ్యులే ఎంపిక చేస్తారు. సభ్యులు తాము తాగిన బీరుకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 3 అంటే మంచి బీరు, 4 అంటే చాలా మంచి బీరు. సంఘం వెబ్‌సైట్‌లో ప్రాంతం పేరు కొట్టి, ఏ పబ్బులో కాస్క్ ఉందో వెతుక్కోవచ్చు. చారిత్రక లోపలి అలంకరణ చెక్కుచెదరకుండా ఉన్న పబ్బుల జాబితాను కూడా వారు విడిగా నిర్వహిస్తున్నారు. మొదటిది బీరు కోసం, రెండోది భవనం కోసం. రెండింటిలోనూ ఉన్న పబ్బు దొరికితే అక్కడికే ముందు వెళ్లండి.

తలుపు పక్కన కాస్క్ మార్క్ అనే గుండ్రటి ఫలకం కనిపిస్తే, స్వతంత్ర పరిశీలకులు వచ్చి అక్కడి కాస్క్ బీరు వేడిమి, రూపం, వాసన, రుచి పరీక్షించి వెళ్లారని అర్థం. ఇది నేలమాళిగ నిర్వహణకు హామీయే గానీ, పబ్బు వాతావరణానికి కాదు. ఫోన్‌లోని పటాల్లో కనిపించే నక్షత్రాలను మాత్రం నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే ఎక్కువమంది అక్కడ రాసేది భోజనం గురించీ, కుర్చీ దొరకలేదనే కోపం గురించీ.

రోజు, వేళ, పంపుల లెక్క

చాలామంది కొత్తవారు ఎక్కువ రకాల బీరు ఉన్న పబ్బే గొప్పదనుకుంటారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. సాధారణంగా వాడే పీపా ఫిర్కిన్. అందులో 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు పడతాయి (పైంట్ అంటే అర లీటరుకు కాస్త ఎక్కువ). మూడు రోజుల్లో అది అయిపోవాలంటే ఆ ఒక్క రకం రోజుకు 24 పైంట్లు అమ్ముడుపోవాలి. కౌంటర్ మీద ఎనిమిది చేతిపంపులు, అంటే ఎనిమిది రకాల కాస్క్, ఉన్న పబ్బు అన్నిటినీ తాజాగా ఉంచాలంటే రోజుకు దాదాపు 190 పైంట్ల కాస్క్ అమ్మాలి. మధ్యాహ్నం మూడింటికి నలుగురు మాత్రమే కూర్చుని, వారిలో ముగ్గురు లాగర్ (సాధారణంగా కెగ్ నుంచి వచ్చే చల్లని బీరు) తాగుతున్న పబ్బులో ఎనిమిది పంపులు కనిపిస్తే అది వైభవం కాదు, ప్రమాద సూచన. అదే చోట రెండు పంపులే ఉండి, కౌంటర్ దగ్గర నిలబడ్డవారి చేతుల్లో ఆ రెండిట్లో ఒకటి కనిపిస్తుంటే నిశ్చింతగా లోపలికి అడుగు పెట్టవచ్చు. ఎక్కువ పంపులున్నా తాజాగా ఉంచగల పబ్బులు లేకపోలేదు. ట్రఫాల్గర్ స్క్వేర్‌కు దగ్గరలో చాండోస్ ప్లేస్‌లో ఉన్న ది హార్ప్ అలాంటిది. కౌంటర్ ఉన్న గది పొడవుగా, ఇరుకుగా ఉంటుంది, అయినా జనం వీధిలోకి పొంగిపొర్లుతుంటారు. ఆ రద్దీయే అక్కడి బీరుకు రక్ష. 2010 సంవత్సరానికి కామ్రా జాతీయ స్థాయిలో ఉత్తమ పబ్బుగా ఎంచుకున్నది దానినే.

వేళ కూడా ముఖ్యమే. సోమ, మంగళవారాల్లో అమ్మకాలు తక్కువ కాబట్టి వారాంతంలో మిగిలిన పీపా మీ పాలిట పడే అవకాశముంది. పబ్బు తెరవగానే వెళితే, రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరు మొదటి గ్లాసులోకి వస్తుంది. మంచి పబ్బువారు దాన్ని ముందే లాగి పారబోస్తారు, అందరూ అలా చేయరు. శుక్రవారం సాయంత్రం ఆరు తరువాత బీరు తాజాగానే ఉంటుంది గానీ కాలు పెట్టడానికి చోటుండదు. నా దృష్టిలో బుధ, గురువారాల్లో సాయంత్రం నాలుగు, అయిదు మధ్య అన్నివిధాలా అనువైన వేళ. సిటీ ఆఫ్ లండన్ అని పిలిచే పాత ఆర్థిక కేంద్రంలో ఉద్యోగుల మీదే ఆధారపడిన పబ్బులు చాలావరకు శని, ఆదివారాల్లో మూసి ఉంటాయి, కాబట్టి అటు వెళ్లాలనుకుంటే పనిరోజునే పెట్టుకోండి.

పబ్బు ఎవరిదో కనుక్కోండి

ఇంగ్లండులో చాలా పబ్బులు ఒక బీరు సంస్థకో, పబ్బుల కంపెనీకో కట్టుబడి ఉంటాయి. వారు చెప్పిన చోటే బీరు కొనాలి. ఎవరికీ కట్టుబడనిది ఫ్రీ హౌస్. ఫ్రీ హౌస్ అయితేనే మంచిదన్న నమ్మకం చాలామందిలో ఉంది, నేను దానితో పూర్తిగా ఏకీభవించను. బరో ప్రాంతంలో టాబర్డ్ వీధిలోని రాయల్ ఓక్‌ను చూడండి. ససెక్స్‌లోని లూయిస్ పట్టణంలో హార్వీస్ సంస్థ చేసే బీరే అక్కడ ప్రధానం, వారి ససెక్స్ బెస్ట్ 4 శాతం ఆల్కహాల్ ఉన్న బిట్టర్, అంటే హాప్స్ చేదు తెలిసే రాగి రంగు ఏల్. ఒకే సంస్థ బీరును ఏళ్ల తరబడి నేలమాళిగలో సంరక్షించి అలవాటైన చేతులు దాన్ని ఎలా చూసుకోవాలో బాగా ఎరుగుతాయి. ఫుల్లర్స్ పబ్బులు నగరమంతటా ఉన్నాయి. 1845 నుంచి ఆ పేరుతో పడమటి లండన్‌లోని చిజిక్‌లో బీరు చేసిన కర్మాగారాన్ని 2019లో జపానుకు చెందిన అసాహి కొనుగోలు చేసినా, పబ్బులు మాత్రం ఫుల్లర్స్ చేతుల్లోనే ఉన్నాయి. వారి ప్రసిద్ధ బీరు లండన్ ప్రైడ్ రుచి ఎలా ఉండాలో ఒక మంచి ఫుల్లర్స్ పబ్బులో ఒకసారి తెలుసుకుంటే, ఇతర చోట్ల దాన్ని కొలతగా వాడుకోవచ్చు. విద్యార్థులకు చౌకగా అలవాటు కావాలంటే వెదర్‌స్పూన్ పబ్బులు ఉన్నాయి. భవనం అన్నిచోట్లా ముచ్చటగా ఉండకపోవచ్చు గానీ, కాస్క్ రకాలు తక్కువ ఖర్చుతో రుచి చూడటానికి అవి పనికివస్తాయి.

భవనాన్ని చదవడం

లండన్‌లో మిగిలిన గొప్ప పబ్బు గదుల్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దం చివరి దశకాల్లో కట్టినవి లేదా అలంకరించినవి. బయట నిగనిగలాడే పలకలు, పూలతీగలు చెక్కిన మసక గాజు కిటికీలు, వేర్వేరు తలుపుల గాజు మీద పబ్లిక్ బార్ (మామూలు గది), సెలూన్ (కాస్త ఖరీదైన గది) అన్న అక్షరాలు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు తరగతుల వారీగా గదులు ఉండేవని తెలుస్తుంది. చాలా పబ్బుల్లో ఆ అడ్డుగోడలను పడగొట్టి ఒకే హాలు చేశారు. అవి నిలిచిన చోట్లు అపురూపం. హై హోల్‌బోర్న్‌లోని ప్రిన్సెస్ లూయిస్‌లో అద్దాలు, రంగు పలకలు 1891 నాటివి. కౌంటర్ చుట్టూ ఉన్న చిన్న చిన్న గదులు మాత్రం పాత నమూనాను అనుసరించి ఈ శతాబ్దంలో తిరిగి కట్టినవే, అయినా ఆనాటి వాతావరణం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

బ్లూమ్స్‌బరీలోని ది ల్యాంబ్‌లో ఒక వస్తువును దగ్గరగా చూడాలి. కౌంటర్ మీద, నిలబడినవారి కంటి ఎత్తున, చిన్న చెక్క చట్రాల్లో చెక్కుడు గాజు పలకలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటీ ఇరుసు మీద తిరుగుతుంది. తమ ముఖం బయటివారికి కనపడకూడదనుకునే పెద్దమనుషులు పలకను కాస్త తెరిచి, గ్లాసు అందుకుని, మళ్లీ మూసుకునేవారు. అలాంటివి చాలా తక్కువ పబ్బుల్లో మిగిలాయి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే బరో హై స్ట్రీట్‌లోని జార్జ్ ఇన్ ఉంది. 1676 అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టిన ఈ భవనం, వసారాలతో కూడిన బండ్ల సత్రాల్లో లండన్‌లో చివరిగా మిగిలినది, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఆస్తి. అక్కడ పర్యాటకుల తాకిడి ఎక్కువ కాబట్టి, ముందు చెప్పిన బీరు పరీక్షను అక్కడ మరింత జాగ్రత్తగా చేయాలి.

ఇవన్నీ వాటంతట అవే మిగల్లేదు. మైడా వేల్‌లోని కార్ల్‌టన్ టావెర్న్‌ను 2015లో యజమానులు అనుమతి లేకుండా కూల్చేశారు. స్థానికులు ఊరుకోలేదు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ దాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఇటుక ఇటుకా తిరిగి కట్టమని ఆదేశించింది, 2021లో అది మళ్లీ తెరుచుకుంది. నన్‌హెడ్‌లోని ఐవీ హౌస్‌ను ఆ చుట్టుపక్కలవారే 2013లో సహకార పద్ధతిలో కొనుక్కున్నారు. పబ్బు ఆ వీధికి ఎంత ముఖ్యమో ఈ రెండు చోట్లా కళ్లారా చూడవచ్చు, అందుకే వీటికి వెళ్లి ఒక గ్లాసు తాగడాన్ని నేను ఆ ప్రజల పట్టుదలకు ఇచ్చే మర్యాదగా భావిస్తాను.

కౌంటర్ దగ్గర

పాతకాలపు పబ్బులో బల్ల దగ్గరికి ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లాలి, అడగగానే డబ్బు చెల్లించాలి. కంటికి కనిపించే వరుస లేకపోయినా ఎవరు ముందు వచ్చారో అందరికీ గుర్తుంటుంది, కాబట్టి మీకంటే ముందు వచ్చినవారిని మీరే చూపిస్తే మెచ్చుకుంటారు. చిటికెలు వేయడం, నోటు ఊపడం తగదు. స్నేహితులతో వెళితే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొనడం ఆనవాయితీ. తన వంతు తప్పించుకున్నవారిని ఎవరూ మరచిపోరు.

కాస్క్ ఏల్ సాధారణంగా పొడవాటి పిడి ఉన్న చేతిపంపు నుంచి వస్తుంది. పంపు మీది చిన్న ఫలకంపై బీరు పేరు, సంస్థ పేరు, ఆల్కహాల్ శాతం ఉంటాయి. దాన్ని వెనక్కి తిప్పి పెట్టారంటే ఆ బీరు అయిపోయిందనో, ఇంకా తేరుకోలేదనో అర్థం. అయితే చేతిపంపు ఉన్నంత మాత్రాన లోపలున్నది కాస్క్ అని తీర్మానించవద్దు. 2024లో ఒక పెద్ద కంపెనీ కెగ్ బీరును చేతిపంపు ద్వారా ఇవ్వడం మొదలుపెడితే కామ్రా గట్టిగా అభ్యంతరం చెప్పింది. అనుమానం వస్తే ‘ఇది కాస్కేనా?’ అని అడగండి. ‘ఈ రోజు ఏది బాగా పోతోంది?’ అన్నది అంతకంటే మంచి ప్రశ్న. రద్దీ లేకపోతే కొద్దిగా రుచి చూపించమని అడగడంలో తప్పు లేదు.

పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. దాన్నే పట్టుకోనక్కర్లేదు, సగం, మూడో వంతు కూడా చట్టబద్ధమైన కొలతలే. నాలుగైదు పబ్బులు చూడాలనుకునేవారికి సగం పైంటే సరైనది.

గ్లాసు చేతికి వచ్చాక మొదట వెలుతురుకు పట్టి చూడండి. తేరిన బిట్టర్ రాగి రంగులో మెరుస్తూ, అవతలి దీపం కనిపించేంత స్వచ్ఛంగా ఉండాలి. లండన్‌లో నురగ పలచగా ఉండటం సహజం. ఉత్తరాదిలో పంపు కొసకు చిన్న జల్లెడ బిగించి గట్టి నురగ తెప్పిస్తారు, ఇక్కడ ఎక్కువగా అలా చేయరు. కానీ చిన్న బుడగల చురుకుదనం నాలుక మీద తప్పక తెలియాలి. తాగుతున్న కొద్దీ గ్లాసు లోపలి గోడ మీద నురగ వలయాలు వలయాలుగా అంటుకుంటే గ్లాసు శుభ్రంగా ఉందనీ, బీరు బాగుందనీ నమ్మవచ్చు. వెనిగర్ పులుపు, తడిసిన అట్టపెట్టె వాసన, ప్రాణం లేని చప్పదనం ఈ మూడింటిలో ఏది కనిపించినా రెండు గుటకల్లోనే తిరిగి ఇవ్వండి. ‘కాస్త పులిసినట్లుంది, ఒకసారి చూస్తారా?’ అని మెల్లగా అంటే చాలు, మంచి పబ్బులో వాదించకుండా మార్చి ఇస్తారు. సగం తాగి ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. ఇక ఆ ఫిర్యాదుకు వారు స్పందించే తీరు చూస్తే, మళ్లీ రావాలో వద్దో మీకే తెలిసిపోతుంది.

ఏ రకంతో మొదలుపెట్టాలి

మొదటిసారి 4 శాతం చుట్టూ ఉన్న బిట్టర్ తీసుకోండి. చేదు ఎక్కువనిపిస్తే గోల్డెన్ ఏల్ తేలికగా ఉంటుంది. మైల్డ్ నల్లగా కనిపించినా తరచు బిట్టర్ కంటే తక్కువ ఘాటు, మాల్ట్ తీపి ఎక్కువ. దొరికితే వదలకండి, లండన్‌లో అది అరుదు. పోర్టర్ 18వ శతాబ్దంలో ఈ నగరంలోనే పుట్టింది, ఇక్కడి కూలీలు ఇష్టపడి తాగిన బీరు. ఇండియా పేల్ ఏల్‌కు మన దేశంతో నిజమైన చుట్టరికమే ఉంది: తూర్పు లండన్‌లోని బో ప్రాంతపు బీరు తయారీదారుడు జార్జ్ హాడ్జ్‌సన్ 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ఓడల వారికి అమ్మిన బీరు భారతదేశంలోని ఆంగ్లేయులకు చేరుతూ ఉండేది, ఆ వ్యాపారం నుంచే తరువాత ఆ రకం పేరు స్థిరపడింది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. బీరును తేర్చడానికి చాలామంది బీరు తయారీదారులు చేప గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ అనే పదార్థాన్ని వాడతారు. అది మడ్డితో పాటు పీపా అడుగునే ఉండిపోతుందని అంటారు గానీ, నియమం పాటించేవారికి ఆ సమాధానం చాలదు. పంపు ఫలకం మీద అన్‌ఫైన్డ్ అనో వీగన్ అనో రాసి ఉన్నదాన్ని అడిగి తీసుకోండి. అలాంటి బీరు తరచు సహజంగానే కొంచెం మసకగా ఉంటుంది, కాబట్టి దానికి వెలుతురు పరీక్ష వర్తించదు. తినుబండారాల్లో స్క్రాచింగ్స్ అంటే వేయించిన పంది తోలు, స్కాచ్ ఎగ్‌లో గుడ్డు చుట్టూ ఉండేది ఎక్కువగా పంది మాంసమే.

మొదటి సాయంత్రానికి ఒక దారి

బుధవారం గానీ గురువారం గానీ నాలుగింటికి చాన్సరీ లేన్ స్టేషన్‌లో దిగి, హాటన్ గార్డెన్ వజ్రాల దుకాణాల నడుమ ఉన్న ఇరుకు సందులోంచి యీ ఓల్డ్ మైటర్‌కు వెళ్లండి. 1546 నుంచి అక్కడ ఈ పేరుతో పబ్బు ఉంది. వారాంతాల్లో సాధారణంగా తెరవరు. అక్కడి నుంచి హై హోల్‌బోర్న్ వెంట పడమరకు నడిస్తే ప్రిన్సెస్ లూయిస్ వస్తుంది, దాన్ని ముఖ్యంగా గదుల కోసం చూడండి. ఉత్తరంగా నడిచి ల్యాంబ్ చేరుకుని, కూర్చుని భోజనం చేయండి. చివరగా రస్సెల్ స్క్వేర్‌లో పికడిలీ లైన్ ఎక్కి లెస్టర్ స్క్వేర్‌లో దిగితే ది హార్ప్ నాలుగు అడుగుల దూరం. ఒక్కోచోట సగం పైంట్ చొప్పున నాలుగు చోట్లా తాగినా మొత్తం రెండు పైంట్లే అవుతుంది. ఆల్కహాల్‌ను అక్కడ యూనిట్లలో కొలుస్తారు; 4 శాతం బీరు అయితే ఇది సుమారు నాలుగున్నర యూనిట్లు. వారానికి 14 యూనిట్లు దాటవద్దని అక్కడి ఆరోగ్య సేవల సలహా. వయసు 18 నిండినా ముఖం చిన్నగా కనిపిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు కాబట్టి దగ్గర ఉంచుకోండి, నగదు తీసుకోని పబ్బులు పెరుగుతున్నందున బ్యాంకు కార్డు కూడా అవసరం. కారు తీసుకెళ్లకండి. శుక్ర, శనివారాల రాత్రుల్లో సెంట్రల్, జూబిలీ, నార్తర్న్, పికడిలీ, విక్టోరియా లైన్ల మీద చాలా భాగంలో రైళ్లు తెల్లవార్లూ నడుస్తాయి. మిగిలిన రోజుల్లో అర్ధరాత్రి దాటిన కాసేపటికే ఆగిపోతాయి కాబట్టి చివరి బండి వేళను ముందే చూసుకోండి.